తుమ్ముకు శకునం లేని బజారు

మొన్న నంద్యాల కప్పు బజారుకు పోయి, ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి, మళ్లీ వెనక్కి వచ్చినా నాకు ఒక్క తుమ్ము రాలేదు. ఇదేం పెద్ద సంగతి అని మీలో చిన్నవాళ్లు అనుకోవచ్చు. కానీ మన ఈడు వాళ్లలో ఎవరైనా ఆ రోజుల్లో మిరపకాయలకో ధనియాలకో ఆ బజారుకు పోయి ఉంటే, ఈ మాట చదవగానే వాళ్లకూ నాకైనట్టే గుండెలో ఏదో జారుతుంది. ఎందుకంటే ఆ కప్పు కింద తుమ్మకుండా బయటపడిన మనిషిని నేను చూడలేదు. అక్కడ పుట్టి పెరిగిన పిల్లులు కూడా తుమ్మేవి.

పోవడానికి కారణం, మా మేనమామ మనవడు, అంటే మా బావ కొడుకు, బజారుకు కొత్త హంగులు చేయించాం, వచ్చి చూడండి అని ఫోనుకు కబురు పంపడం. అది ఊరందరికీ పంపిన కబురే. నన్ను వరస పెట్టి పిలిచింది లేదు. అది కూడా నేను గుర్తు పెట్టుకున్నాను గానీ, దాన్ని ప్రస్తుతానికి పక్కన పెడతాను, చెప్పుకోవలసినవి ఇంతకంటే పెద్దవి ఉన్నాయి.

ఆ బజారు ఎలా ఉండేదో తెలియనివాళ్ల కోసం చెబుతాను. సందుకు రెండు వైపులా దుకాణాలు, నడుమ రాతి స్తంభాలు, వాటి మీద నాపరాతి బండలు పరిచి సున్నపు గచ్చు పోసిన కప్పు. కప్పు పొడుగునా గవాక్షులు. మన సీమలో మిద్దె ఇళ్లలో పెరిగినవాళ్లకు గవాక్షి అంటే చెప్పనక్కర్లేదు. వెలుతురు కిందికి దిగడానికీ పొగ పైకి పోవడానికీ వదిలిన చదరపు కంత, వానొస్తే ఎవరో ఒకరు మిద్దెక్కి దాని మీద బండ జరుపుతారు. మధ్యాహ్నం పూట ఆ గవాక్షుల్లోంచి ఎండ స్తంభాల్లా దిగేది, ఆ ఎండలో మిరపకాయల ధూళి ఎర్రగా సుడి తిరుగుతుండేది. చూడడానికి అందంగానే ఉండేది. నాకు మాత్రం మొదటినుంచీ, ఇంత ఎండిన సరుకు, ఇన్ని గోనెసంచులు, ఇంత ఇరుకు సందు, ఇంత బరువైన కప్పు, ఏనాడైనా ఏమైనా అయితే ఏ దారిన పోతారు వీళ్లంతా అని లోపల ఒక దిగులు మెదులుతుండేది. ఆ మాట పైకి అంటే, పొద్దున్నే అపశకునపు మాటలేందని మా అత్త, అంటే మేనమామ భార్య, కసిరేది.

నేను ఆళ్లగడ్డకు కాపురానికి వచ్చిన కొత్తలో మా వదిన బస్టాండు దగ్గర మెస్సు నడిపేది. పొద్దంతా రాళ్లు చెక్కి, కనురెప్పల మీద కూడా రాతిపొడి పేరుకుని వచ్చే శిల్పులకు వడ్డించే కారం ఘాటుగా లేకపోతే నాలుకకు తగలదని వదిన నమ్మకం. అందుకని సరుకు తేవడానికి నన్ను నంద్యాల పంపేది. మా మేనమామ దుకాణం ఉంది కదా, పిల్లను మోసం చేయరు అని. సరుకులో మోసం చేయలేదు, నిజమే. మర్యాదలో చేశారు. వచ్చిన బేరగాళ్లందరికీ టీ ఇచ్చాక, మీగడ కట్టి చల్లారిన గ్లాసు నా చేతికొచ్చేది. మగవాళ్లకు బల్ల, నాకు ధనియాల మూట. మామ చూస్తే లేచి తన పీట జరిపేవాడు. కానీ మామ చూసే మనిషి కాదు, ఆయన ముక్కు మీద కళ్లజోడు, కళ్లజోడు ముందు పసుపుకొమ్ము, అంతే ఆయన లోకం. పసుపుకొమ్మును విరిచి, విరిగిన చప్పుడు విని, ఇది ఏ నేలలో పండిందో చెప్పేవాడు. నేను అంటే ఆయనకు ప్రేమే. ప్రేమ ఉన్నవాళ్లకు చూపు ఉండదు, చూపు ఉన్నవాళ్లకు ప్రేమ ఉండదు. మా పుట్టింటి వైపు ఇదే తంతు.

ఇక ఆ బజారు ఆచారం. మన ఇళ్లలో ఎవరైనా గడప దాటుతుంటే ఒంటి తుమ్ము వినపడితే ఏం చేస్తాం, వెనక్కి వచ్చి కూర్చుని, నీళ్లు తాగి, కాసేపాగి బయల్దేరుతాం. కప్పు బజారులో అలా ఆగడం మొదలుపెడితే ఒక్క బేరం తెగదు, ఒక్క బండి కదలదు. అందుకని ఎప్పటి పెద్దలు పెట్టారో గానీ, కప్పు కింద తుమ్ముకు శకునం లేదు అని ఒక కట్టుబాటు ఉండేది. పెళ్లి పసుపు కొనడానికి వచ్చినవాళ్లు కూడా చుట్టూ తుమ్ములు రాలుతుంటే నవ్వుతూ పసుపు మూట కట్టుకుని పోయేవాళ్లు. సందు మొదట్లో ఒక గడపబండ ఉండేది. దాని లోపల తుమ్మినది లెక్కలోకి రాదు, దాని బయట తుమ్మినది వస్తుంది. కొత్తగా వచ్చినవాడెవడైనా తుమ్ము విని ఆగితే బజారంతా గేలి చేసేది.

నా తుమ్ము మామూలు తుమ్ము కాదు. ఒకటి వచ్చిందంటే వెనకాల వరసగా వచ్చేవి. మా బావకు అదే వేడుక. నేను గడపబండ దాటగానే దుకాణంలోంచి అరిచేవాడు, ఆళ్లగడ్డ ముక్కు వచ్చిందప్పా, సంచుల మూతులు కట్టుకోండి అని. అందరూ నవ్వేవాళ్లు. ఆ పేరు హమాలీల దాకా పోయింది. హమాలీల పెద్ద, మేమంతా చాచా అని పిలిచే ముసలాయన, ఒక్కడే ఆ పేరుతో పిలవలేదు. బేటీ అనేవాడు. ఒకసారి నాతో అన్నాడు, నవ్వుతారు గాని బేటీ, ఈళ్ల ముక్కులు ఎప్పుడో సచ్చిపోయినాయి, నీదొక్కటే బతికుండాది అని. అప్పుడు అది నన్ను ఓదార్చడానికి అన్న మాట అనుకున్నాను.

ఆ రోజు పొద్దున్నించీ మబ్బు. మిరప పంట కొత్తగా వచ్చే కాలం, రావలసిన వాన కాదు. జల్లు పడుతుంటే, సరుకు తడుస్తుందని పైకెక్కి గవాక్షులన్నీ బండలతో మూసేశారు. పట్టపగలు దీపాలు పెట్టుకుని కూర్చున్నారు. నేను తడిసిన కొంగు పిండుకుంటూ లోపలికి వచ్చేసరికి, గాలి కదలక, ఆ సందు మూత పెట్టిన కుండలా ఉంది. గడపబండ దగ్గరే ఆగాను. ఈరోజు వద్దు, తిరిగి పోదాం అనిపించింది. వదినకు ఏం చెప్పాలి అనుకుని లోపలికి నడిచాను.

మామ అప్పుడే అన్నం తిని, తన అలవాటు ప్రకారం వెనక గోదాములో పసుపు మూటల మీద కాసేపు నడుము వాల్చడానికి లేచాడు. సరిగ్గా ఆయన గోదాము గడపలో కాలు పెడుతుండగా నాకు తుమ్ము వచ్చింది. అత్త క్యారేజీ సర్దుకుంటూ అక్కడే ఉంది. ఎవరూ పట్టించుకోలేదు. కప్పు కింద కదా.

అంతకు కాసేపటి ముందే మా బావ గోదాములోంచి తువ్వాలుకు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. చెమ్మకు పురుగు పడుతుందని నిప్పులు పోసిన సాంబ్రాణి మూకుడు లోపలికి తీసుకుపోయినవాడు, వట్టి చేతులతో వచ్చాడు. ఇది నేను నా కళ్లతో చూశాను. ఈ వాక్యం ఇన్నేళ్లుగా ఎంతమందికి చెప్పానో, ఎంతమంది వినలేదో నాకు తెలుసు. అందుకే మళ్లీ రాస్తున్నాను, వట్టి చేతులతో వచ్చాడు.

ధనియాలు జల్లించి చూసుకుంటుండగా గొంతులో సన్నగా ముల్లు గుచ్చుకున్నట్టయింది. మిరపకాయ ఘాటు ముక్కును పడుతుంది. కాలుతున్న మిరపకాయ గొంతును పడుతుంది. పొయ్యి దగ్గర బతికే ఆడవాళ్లకు ఈ తేడా ఒకరు చెప్పక్కర్లేదు. తుమ్ములు మొదలైనాయి, వాటి వెనకే దగ్గు.

"మొదలుపెట్న్యాది," అన్నాడు బావ. "ఏందిమే, ఈరోజు బస్సెక్కేదాకా ఆపవా?"

"కాల్తాంది బావా. యాడో కాల్తాంది. ఆ బండలు తీయమను."

"వానొస్తాంటే బండలు తీయల్నంట. నీ ముక్కుకోసం బజారు బజారంతా తడవల్నా?"

ఎదురు దుకాణం ఆయన కూడా దగ్గుతూనే నవ్వాడు. "అనంతపురం సరుకు దించినారులేమ్మా పొద్దున. దాని ఘాటు అట్లే ఉంటాది."

అందరూ దగ్గుతున్నారు. అదే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరించే సంగతి. కాటా దగ్గరి మనిషి దగ్గుతున్నాడు, మూటలు కుట్టేవాడు దగ్గుతున్నాడు, తుమ్ములు ఆ కొస నుంచి ఈ కొస దాకా రాలుతున్నాయి, ప్రతివాడూ పక్కవాడి సరుకు ఘాటు అనుకుంటున్నాడు. తుమ్ముకు అర్థం లేదని వాళ్లకు తాతల నాటి నుంచి నేర్పారు. బయటి ఊరివాళ్లయితే ఆ దగ్గుకు లేచి పరుగెత్తి ఉండేవాళ్లు. వీళ్లు కొంగులు, తువ్వాళ్లు మూతికి అడ్డం పెట్టుకుని బేరాలు చేసుకుంటున్నారు.

నేను ఊరుకోలేదు. ఊరుకునే గుణం నాకు పుట్టుకతో లేదు. గోదాము తలుపు దాకా పోయాను. తలుపు సందులోంచి పొగ కూడా కాదు, గాలి వణుకుతున్నట్టు ఏదో వస్తోంది. మంట లేదు, వెలుగు లేదు. ఖాళీ గోనెల అడుగున నిప్పు రాజుకుని, పక్కనున్న మిరపమూటను లోలోపల తింటోంది. మామా అని పిలిచాను. పలకలేదు. వెనక్కి తిరిగి చాచా అని అరిచాను. ఆ అరుపులో ఏం విన్నాడో, ఆ ముసలాయన ఎవరినీ అడగలేదు. గోడకు ఆనించిన నిచ్చెన ఎక్కి, వానలో కప్పు మీద పాకుతూ పోయి, గోదాము నెత్తిన ఉన్న గవాక్షి బండను భుజంతో తోశాడు. బండ జరిగిన చప్పుడు వినపడింది. ఎర్రటి పొగ ఒక్కసారిగా పైకి లేచింది. అప్పుడు గాని బజారుకు అర్థం కాలేదు. అప్పుడు అందరూ గడపబండ వైపు పడుతూ లేస్తూ పరుగెత్తారు. తడిగుడ్డలు మూతికి చుట్టుకుని హమాలీలు లోపలికి పోయి మామను మూట మోసినట్టు మోసుకొచ్చారు.

మామ బతికాడు. ఊపిరితిత్తులు మాత్రం పోయినాయి. ఆ తర్వాత ఆయన గొంతు ఎప్పుడూ గుసగుసను దాటలేదు.

ఆస్పత్రి వరండాలో నేను గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను. నా కళ్లు వాచి సగం మూసుకుపోయి ఉన్నాయి. ఎవరో ఒకరు వచ్చి, నువ్వు లేకపోతే ఏమయ్యేదో అంటారని, అంటే ఏడవకుండా ఎలా ఆపుకోవాలా అని కూడా అనుకుంటున్నాను. అత్త వచ్చింది. నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"మనిషి గడప తొక్కుతాంటే తుమ్మితివి గదమ్మా," అంది.

అంతే అంది. గట్టిగా కూడా అనలేదు. పక్కనే బావ నేల చూస్తూ నిలబడి ఉన్నాడు. ఇన్ని తరాలుగా ఎవరి తుమ్ముకూ లేని శకునం ఆ పూట నా ఒక్కదాని తుమ్ముకు వచ్చింది. మూకుడు సంగతి చెప్పాను. నిప్పు యాడనుంచైనా వస్తాది, శకునం ఒక్కసోటనుంచే వస్తాది అని ఎవరో వెనకాల నుంచి అన్నారు. బావ నోరు తెరిచి, కాదమ్మా, మూకుడు నేనే పెట్టినాను అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. వారం తిరక్కుండా బజారంతా ఆ మాట పాకింది. ఇంక నువ్వు రావొద్దులే, సరుకు మనిషితో పంపిస్తాం అని ఆళ్లగడ్డకు కబురు వచ్చింది. వదిన కూడా నేను తుమ్మినప్పుడల్లా చేతిలో పని ఆపి నా వైపు చూడడం మొదలుపెట్టింది. మెస్సులో శిల్పులు ఎదురుగా కూర్చుని అన్నం తింటుంటే, వస్తున్న తుమ్మును ఆపుకోవడానికి దొడ్లోకి పరుగెత్తిన రోజులు నాకు గుర్తున్నాయి.

ఆ తర్వాత మామను చూడడానికి నంద్యాల పోయాను, పిలవకపోయినా. మంచం మీద దిండ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. చుట్టూ అత్త, బావ, చూడవచ్చిన చుట్టాలు. నేను పోయి కాళ్ల దగ్గర నిలబడ్డానో లేదో, ఆ ఇంటి గోడల్లో ఇంకిన మిరప ఘాటు ముక్కుకు తగిలింది. ఎంత ఆపుకున్నా ఆగలేదు. తుమ్మాను. అత్త ముఖం తిప్పుకుంది. మామ మెల్లగా చెయ్యెత్తి నన్ను దగ్గరకు రమ్మన్నాడు. వంగితే, చెవిలో గాలి మాదిరి అన్నాడు.

"పోనీ తీ పాపా. ఇది గుడక కప్పు కిందనే అనుకో."

అని నవ్వడానికి చూశాడు, నవ్వు దగ్గయింది. ఆ ఇంట్లో నాకు న్యాయం చేసిన మాట అదొక్కటే. గొంతు లేని మనిషి అన్నాడు, నేనొక్కదాన్నే విన్నాను. సాక్షులు లేరు.

బజారు పెద్దలు మాత్రం ఒక తీర్మానం చేసుకున్నారు. దుకాణాలు తెరిచి ఉన్నంతసేపు ఎంత వానొచ్చినా గవాక్షులు మూయకూడదు, తడిసే చోట సరుకు పెట్టుకోకూడదు, గోదాముల్లో నిప్పు పెట్టకూడదు. ఆ బండలు ఎత్తి పక్కకు పారేశారు. నేను ఆ పూట అరిచిన మాటే అది, బండలు తీయమని. నా పేరు ఎవరూ ఎత్తలేదు. ఆ తర్వాత ఎప్పుడు నంద్యాల పోయినా గడపబండ బయటే నిలబడి తలెత్తి చూసేదాన్ని. గవాక్షుల్లోంచి ఎండ దిగుతుండేది. సరే, నన్ను తిట్టుకున్నా నా మాట మీద బతుకుతున్నారు అనుకుని బస్సెక్కేదాన్ని.

మామ పోయాడు, అత్త పోయింది, చాచా పోయాడు, బావ కూడా పోయాడు. పోయినవాళ్లను ఏమీ అనకూడదంటారు. నేను అంటాను. ఉన్నప్పుడు అంటే వినలేదు కదా.

మొన్న ఇన్నేళ్లకు ఆ గడపబండ దాటాను. బండ అలాగే ఉంది. లోపల మాత్రం నేనెరిగినది ఏదీ లేదు. స్తంభాలకు రంగులేశారు. కప్పు కనపడలేదు, దాని కింద తెల్లటి ప్లాస్టిక్ పలకలతో ఇంకో కప్పు వేసి, గుండ్రటి దీపాలు పొదిగారు. గవాక్షులేవి అని అడిగితే, పైన రేకులు కొట్టి సిమెంటు పూసినామని గర్వంగా చెప్పాడు బావ కొడుకు, ఏసీ చల్లదనం పోకుండా. దుకాణానికి అద్దాల తలుపు. కారం, పసుపు, ధనియాల పొడి అన్నీ మెరిసే పొట్లాల్లో. ఏ పొట్లమూ వాసన వేయదు. తుమ్ము ఎక్కడినుంచి వస్తుంది.

వెనక గోదాము అలాగే ఉంది, గోనెమూటలతో సహా. పొట్లాలు అతికించే మిషను అక్కడే పెట్టారు. దాని తీగ పోయి కలిసిన ప్లగ్గు చుట్టూ గోడ నల్లగా కమిలి ఉంది. చల్లగా ఉంటుందని కోడలు చంటిబిడ్డను మధ్యాహ్నాలు అక్కడే చాప మీద పడుకోబెడుతుందట. నేను పోయినప్పుడు తల్లీ బిడ్డా నిద్రలో ఉన్నారు. పొగ బయటికి పోయే దారి ఏదని పైకి చూశాను. తెల్లటి పలకలు.

"ఆ గోడ సూడు నాయనా, కమిలిండాది. వాసన తగల్లేదా నీకు?"

"కొత్త మిషను గదా పెద్దమ్మా, కొంచెం వేడెక్కుతాది. మా నాయిన చెప్తాండె నీ ముక్కు సంగతి." నవ్వాడు. తండ్రి నవ్వే.

"ఏం చెప్తాండె?"

"అదే, నువ్వు తుమ్మితే బజారు కాలిపోయిందంట గదా."

మూకుడు సంగతి ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పలేదు. తాత గొంతు ఎందుకు పోయిందో తెలియకుండానే ఆ గోదాములో బిడ్డను పడుకోబెట్టాడు. నేను మొత్తం చెప్పాను, నిలబడే, మొదటి నుంచి చివరిదాకా. మర్యాదగా విన్నాడు. మధ్యలో ఫోను వస్తే మాట్లాడి, మళ్లీ విన్నాడు. అవన్నీ పాతకాలం పెద్దమ్మా, ఇప్పుడు నిప్పులు యాడుండాయి అన్నాడు. అక్కడినుంచి నేరుగా పోయి మున్సిపాలిటీలో అర్జీ రాసి ఇచ్చాను. అది బజారు వాళ్ల సొంత ఏర్పాటు, చూస్తాం అన్నారు. చూసేదాకా పోతూనే ఉంటాను. నా సంగతి వాళ్లకు ఇంకా తెలియదు.

సంచీ మరిచిపోయానని మళ్లీ దుకాణానికి వచ్చేసరికి అతను అన్నం తిని లేచి, గోదాములోకి పోబోతున్నాడు, నడుము వాల్చడానికి, అచ్చం తాతలాగే. కాలు గడపలో ఉంది. నాకు ఇంకేం తోచలేదు. ముక్కులో కొంగు అంచు పెట్టుకుని, జీవితమంతా ఎవరి ముందు ఆపుకున్నానో వాళ్ల ముందే, బలవంతంగా, గట్టిగా తుమ్మాను. ఆగుతాడని. వెనక్కి వచ్చి కూర్చుంటాడని. తిట్టుకున్నా సరే, ఈ ముసలిదాని తుమ్ము మంచిది కాదని బిడ్డను ఎత్తుకుని ఈ పూటకు ఇంటికి పోతాడని.

అతను తిరిగి చూశాడు. "జలుబు చేసినట్టుండాది పెద్దమ్మా, ఏసీ పడలేదేమో," అన్నాడు. సొరుగులోంచి ఒక మాత్ర తీసి చేతిలో పెట్టాడు. టీ కూడా తెప్పించాడు, వేడిగా, అందరికంటే ముందు. ఆ తర్వాత లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

అంత మర్యాద ఆ దుకాణంలో నాకు ఎప్పుడూ జరగలేదు. ఒకప్పుడు ఆ కప్పు కింద ఎవరి తుమ్మునూ లెక్కపెట్టలేదు, కానీ పైన గవాక్షులు తెరిచి ఉండేవి. తర్వాత నా తుమ్మును మాత్రమే లెక్కపెట్టారు, కానీ నాకు భయపడైనా బండలు తీసి పారేశారు. ఇప్పుడు నన్ను తిట్టేవాళ్లు లేరు, గేలి చేసేవాళ్లు లేరు, నా ముక్కుకు పెట్టిన పేరు గుర్తున్నవాళ్లు లేరు. అది పోయినందుకు నేను బెంగపడతానని ఎన్నడూ అనుకోలేదు.

ఆళ్లగడ్డ బస్సులో వెనక సీట్లో కూర్చున్నాను. శిరివెళ్ల దాటాక దుమ్ము లేస్తోంది, కిటికీ మూయమని పక్కనామె అడిగింది. నేను వెనక్కి తిరిగి నంద్యాల వైపే చూస్తున్నాను. మాత్ర ఇంకా గుప్పిట్లోనే ఉంది. ఆమె మళ్లీ అడిగింది. ఊరు వచ్చేదాకా నేను కిటికీ మూయలేదు.